పదహారో వరుస

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఆలస్యమైతే క్షమించండి. ఈ సంగతి చెప్పడానికి మాత్రం ఆలస్యం చేసింది అక్షరాలు కాదు, నేనే.

రెండువేల అయిదో సంవత్సరం, ఎండాకాలం. అప్పుడు నాకు యాభై రెండేళ్లు, ఫిలింనగర్ బస్తీలో ఉండేదాన్ని. మా ఆయన జాన్ బాబు సినిమాల్లో గుంపులో నిలబడే మనిషి. ఆయన పోయాక పక్క వీధి జంగయ్య అన్న నన్ను యూనియన్ ఆఫీసుకు తీసుకెళ్లి, పేరు రాయించి, పని ఇప్పించాడు. పెళ్లి పందిట్లో కూర్చున్నాను, సంతలో కూరగాయలు బేరమాడాను, ఎందరో హీరోల తల్లుల శవాల చుట్టూ ఏడ్చాను. జంగయ్య అన్న ముప్పై అయిదేళ్లుగా యుద్ధాల్లో ఉన్నాడు. ఏ రాజు సినిమా తీసినా ఆయనే సైనికుడు, సైనికులను వరుసలో నిలబెట్టేదీ ఆయనే.

ఆ ఏడాది అలెగ్జాండర్ మీద ఒక పెద్ద సినిమా మొదలైంది. జీలం నది ఒడ్డున పోరస్ ఏనుగుల మీదికి అలెగ్జాండర్ కాల్బలం నడిచే యుద్ధం అందులో ముఖ్యం. సైన్యం కావాలి. అయితే మా బస్తీలో మగపిల్లలు లేరు. లేరంటే ఉన్నారు, మాదాపూర్‌లో ఉన్నారు. గాజు మేడల గేట్ల దగ్గర నీలం చొక్కాలు వేసుకుని నిలబడ్డారు, కొందరు ఆఫీసుల వాళ్లను ఎక్కించుకుని తిరిగే కార్లు నడుపుతున్నారు. ఎండలో కట్టె పట్టుకుని నిలబడేదానికంటే నీడలో నిలబడటం ఎవరికైనా మంచిదే.

అందుకని జంగయ్య అన్న మమ్మల్ని పిలిచాడు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఇంకెక్కడా పని దొరకనివాళ్లు, అందరూ కలిసి రెండువందల యాభై ఆరు మంది. ముందు వరుసల్లో మగవాళ్లు, వెనక వరుసల్లో ఆడవాళ్లు. చెంపలు కప్పే ఇనుపరంగు టోపీలు పెడితే ఎవరు ఆడో ఎవరు మగో తెలియదని డైరెక్టరు గారు ఒప్పుకున్నారు.

మా ఎదురింటి దేవమ్మ మొదటిరోజు పాంటు తొడుక్కుని వచ్చి నా ముందు గిర్రున తిరిగింది.

"ఎట్లున్న అంతోనమ్మా? మా ఆయన జూస్తే గుండె ఆగి సస్తడు."

"సైనికుడిలా లేవే, సైనికుణ్ణి మింగినదానిలా ఉన్నావు" అన్నాను.

"నవ్వు నవ్వు. రేపు అలెగ్జాండర్ నన్నే జూసి ఏనుగులు ఎందుకు, గీమెను తోలుండి అంటడు."

అప్పటికి నవ్వు వచ్చేది మాకు. నాలుగు రోజులకు ఆగిపోయింది.

ఒక షరతు ఉంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఒక కంప్యూటర్ ఆఫీసు కొత్తగా వచ్చింది. అక్కడి శ్రీకాంత్ అనే అబ్బాయి డైరెక్టరు గారికి ఒక మాట చెప్పాడు. పదహారు మందిని ఇస్తే చాలు, వాళ్ల నడక తీసుకుని నలభై వేల మందిని చేస్తానన్నాడు. జంగయ్య అన్న డైరెక్టరు గారి కారు తలుపు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"సార్, పది దినాలియ్యుండి. అలెగ్జాండర్ ఫౌజు ఎట్ల నడిచిందో గట్లనే నడిపిస్త. తప్పు వస్తె గప్పుడు కంప్యూటర్‌కు ఇచ్చుకోండ్రి."

డైరెక్టరు గారు సరే అన్నారు. పదకొండో రోజు పరీక్ష. వరుస చెదరకుండా మా బస్తీ వెనక గుట్ట మీది నుంచి దిగితే యుద్ధమంతా మాతోనే తీస్తారు, ఇరవై అయిదు రోజుల పని. చెదిరితే పదహారు మంది ఉంటారు, రెండువందల నలభై మంది ఇళ్లకు పోతారు. ఆ ఎండాకాలం మా బస్తీ అంతా ఈ ఒక్కదాని మీదే నిలబడి ఉంది.

మాకు నేర్పడానికి శ్రీనగర్ కాలనీ నుంచి చలపతిరావు గారు వచ్చేవారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన మనిషి. గొడుగు వేసుకుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని రాయి మీద కూర్చునేవారు. గుట్ట వెనక టోలిచౌకి వైపు దిగే రాళ్ల నేల మాకు జీలం ఒడ్డు.

మా చేతికి పద్దెనిమిది అడుగుల వెదురు ఇచ్చారు. రెండు ముక్కలు, మధ్యలో ఇనుప గొట్టంతో అతుకు. ఆ ఈటె ఒక చేత్తో లేవదు, రెండు చేతులూ కావాలి. అందుకే అలెగ్జాండర్ సైనికులు డాలును మెడకు తగిలించుకునేవారట. మాకూ అట్టతో చేసిన డాళ్లు మెడకు వేలాడదీశారు. పదహారు మంది ఒకరి వెనక ఒకరు నిలబడితే ఒక బారు. అలాంటివి పదహారు బారులు పక్కపక్కన. ముందు అయిదు వరుసల వాళ్లు ఈటెలు ముందుకు వంచాలి. వాటి మొనలన్నీ మొదటి మనిషికంటే ముందుకు పొడుచుకు వస్తాయి. వెనక వాళ్లం ఈటెలు ఏటవాలుగా పైకి పట్టుకోవాలి. పైనుంచి వచ్చే బాణాలు వెదుళ్ల అడవిలో తగిలి రాలిపోతాయి. డప్పు దెబ్బకు ఒక అడుగు చొప్పున అందరం కలిసి నడవాలి.

"ఒక్కొక్కడుగా చూస్తే వీడు ఎందుకూ పనికిరాడండీ" అనేవారు చలపతిరావు గారు. "పక్కకు తిరగలేడు, పరిగెత్తలేడు. పక్కవాడు ఉన్నంతసేపే వీడికి బలం. సందు ఏర్పడిందా, అయిపోయింది. ఇస్సస్ యుద్ధంలో అదే జరిగింది. అలెగ్జాండర్ గుర్రాలతో కుడివైపు దూసుకుపోయాడు, కాల్బలం ఏటి గట్టు దగ్గర తొందరపడింది. వరుసలో సందు పడింది, శత్రువు అందులోకి దూరాడు. చాలా మంది అక్కడే పోయారు."

రెండోరోజు ఆయన తల పట్టుకున్నారు. బాణాలు వచ్చాయనడానికి గుర్తుగా ఒక టపాకాయ పేల్చారు. పేలిందో లేదో, ముందు వరుసల్లో నలభై మంది చచ్చిపోయారు. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు, కుడివైపు పెద్ద బండ నీడలోకి దొర్లుకుంటూ పోయి చచ్చిపోయారు. మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ అదే అలవాటు. ముందుగా చచ్చినవాడికి నీడ, ఆలస్యమైనవాడికి ఎండ. ముప్పై ఏళ్లుగా శరీరాలు నేర్చుకున్న విద్య అది.

"ఎందుకు పడ్డారండీ?" అని చలపతిరావు గారు అరిచారు. "మీరు గెలిచిన సైన్యం!"

బండ కింద నుంచి ఒక శవం బదులిచ్చింది. "సార్, గెలిచినోళ్లల్ల కూడ జర మంది సస్తరు గద!"

ఆ అలవాటు మాన్పించడానికి జంగయ్య అన్నకు మూడు రోజులు పట్టింది. ఎవడైనా పడితే వాడి వెనకవాడు వెంటనే ఆ చోట్లోకి అడుగు వెయ్యాలి. పడ్డవాణ్ణి తొక్కుకుంటూ పోవాలి. ఇద్దరు ముగ్గురిని నిజంగానే తొక్కారు. తర్వాత ఎవరూ చావలేదు.

అయిదోరోజు చలపతిరావు గారు బారు ఎలా కడతారో చెప్పారు. అందరికంటే గట్టివాణ్ణి మొదట పెడతారట. అతని తర్వాత గట్టివాణ్ణి రెండో చోట కాదు, అన్నిటికంటే చివర పెడతారట.

నేను ఏడో బారులో పదహారో మనిషిని. ఆడదాన్ని, లావుగా ఉంటాను, అందుకే చివరికి తోశారనుకున్నాను.

"ఎందుకు సార్ చివర?" అని అడిగాను.

"చూడ్డానికమ్మా. ముందున్నవాడికి శత్రువు కనిపిస్తాడు, వెనకున్నవాడికి సొంతవాళ్లు కనిపిస్తారు. ఎవడు తడబడుతున్నాడో అతనికే తెలుస్తుంది. అది చెప్పాల్సిన బాధ్యతా అతనిదే."

ఆ మాట విని అసిస్టెంటు డైరెక్టరు ఒక పద్ధతి పెట్టాడు. పదహారో వరుసలోని వాళ్లం మా బారులో ఎవరైనా కాలు తప్పితే ఎడమ చెయ్యి ఎత్తాలి. ఆ మనిషిని తీసి, పని దొరుకుతుందేమోనని రోజూ వచ్చి గోడ పక్కన కాచుకునేవాళ్లలో ఒకరిని పెడతారు. ఆ సాయంత్రమే మూడో బారులో నర్సింహ అనే అతన్ని తీసేశారు. అరికాల్లో కురుపు లేచి కుంటుతున్నాడు. తీసేశాక కూడా రెండు రోజులు వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు, మళ్లీ పిలుస్తారేమోనని. పిలవలేదు.

నా ముందు పదిహేనో మనిషి జంగయ్య అన్న.

ఆయన మొదటి వరుసలో నిలబడతాడని అందరూ అనుకున్నారు. "ముందట ఉన్నోళ్ల మొహాలు కనపడాలె, జర వయసు తక్కువోళ్లు నిలవడుండి. నేను వెనక నుంచి అందర్నీ చూస్కుంట" అన్నాడు. ఎంత మంచి మనిషి అని దేవమ్మ కళ్లు తుడుచుకుంది. ఆరోరోజు నాకు అసలు కారణం తెలిసింది. దిగుడు నేల మీద ఆయన కుడికాలు సరిగా పడటం లేదు. నాలుగు అడుగులు బాగా వేస్తాడు, అయిదో అడుగుకు మోకాలు పక్కకు పోతుంది, ఈటెను నేలకు ఆనించి సర్దుకుంటాడు. పక్క బారుల వాళ్లకు కనిపించదు. నాకు మాత్రమే కనిపిస్తుంది, ఆ మడమ నా కళ్ల ముందే ఉంటుంది కాబట్టి. ఎప్పుడో షూటింగులో గుర్రం పడేసినప్పుడు విరిగిన మోకాలు అది.

నీళ్ల కుండ దగ్గర మెల్లగా అడిగాను. "అన్నా, కాలు నొప్పిగా ఉందా?"

"ఏం లేదు. నువ్వు నీ కట్టె చూస్కో."

"నాకు కనిపిస్తోంది అన్నా."

గ్లాసు కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. "చెయ్యి ఎత్తుతవా?"

నేను కుండ మీద మూత పెట్టాను.

"చెల్లె, ఒక్కపారి వరుసల నుంచి తీసేసిన్రంటే నన్నింక ఎవ్వడు పిలువడు. నర్సింహను చూసినవ్ గద. గీ ఫౌజును కట్టిందే నేను."

"ఎత్తను" అన్నాను.

మా ఆయన పోయిన నెలలో నా ఇంట్లో పొయ్యి వెలగడానికి కారణం ఈ మనిషి. ఇంకేమనగలను?

కానీ ఎత్తకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పరీక్ష రోజు ఆయన పడితే మా బారు విరుగుతుంది, పక్క బారు మా మీద పడుతుంది. రెండువందల నలభై మంది ఇళ్లకు పోతారు. అందులో దేవమ్మ ఉంది, నాకు రోజూ మజ్జిగ తెచ్చిపెట్టే మనిషి.

ఆలోచించి ఒక ఉపాయం చేశాను. చలపతిరావు గారి దగ్గరకు పోయి, "సార్, నాకు అడుగులు అందడం లేదు. డప్పు కొంచెం నెమ్మదిగా కొట్టిస్తారా?" అన్నాను. ఆయన సంతోషపడ్డారు. "మంచిమాట చెప్పావమ్మా. తొందరపడితేనే సందు పడుతుంది" అని, డప్పు కొట్టే బెన్సన్‌ను పిలిచి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెంచారు. ఆ ఎడంలో జంగయ్య అన్న మోకాలు సర్దుకోగలిగింది.

మగవాళ్లు సణిగారు. "అంతోనమ్మ కోసం అలెగ్జాండర్ ఆగాలె, ఇండియా గెలవడానికి ఇంకో పదేండ్లు పడతది" అని ఒకడు. "ఆమెను బండ్ల ఎక్కించుకొని పోదాం తియ్యి" అని ఇంకొకడు. ఆ మాటలు పడ్డాను. నెమ్మదిగా నడుస్తుంటే నిజంగానే వరుస చెదరలేదు. తొమ్మిదోరోజు మేము తిరగడం, ఆగడం, ఈటెలు ఒక్కసారిగా వంచడం, ఒక్క మాట లేకుండా చేశాం. చలపతిరావు గారు గొడుగు దించి నిలబడి చూశారు. కొండ జాతులతో యుద్ధంలో అలెగ్జాండర్ ఒకసారి తన సైన్యంతో ఇలాగే నిశ్శబ్దంగా కవాతు చేయించాడట. ఎదురుగా ఉన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తూ ఉండిపోయారట.

పదకొండోరోజు ఉదయం డైరెక్టరు గారు వచ్చారు, శ్రీకాంత్ కూడా వచ్చాడు. కింద ఏనుగులకు గుర్తుగా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతారు. బెన్సన్ డప్పు అందుకున్నాడు. మేము గుట్ట దిగాం. ఒక్క సందు లేదు. చివరిదాకా వచ్చి ఆగాం. నా చెమటలో నాకు ఎదురుగా ఏమీ కనిపించలేదు, ఆ మడమ ఆగిందని మాత్రం చూశాను.

డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. తర్వాత గడ్డం గోక్కున్నారు.

"బాగుంది. చాలా బాగుంది. కానీ జంగయ్యా, ఇలా వస్తే ఏనుగులు నిద్రపోతాయయ్యా. ఇది యుద్ధం. దీనికి రెట్టింపు వేగంతో ఒకసారి."

జంగయ్య అన్న వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. అప్పుడైనా నేను చెయ్యి ఎత్తి ఉండాల్సింది. గోడ పక్కన వేరే మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఎవరినైనా ఆ చోట్లో పెడితే సరిపోయేది. నా ఎడమ చెయ్యి ఈటె మీదే ఉండిపోయింది.

మళ్లీ పైకి ఎక్కాం. డప్పు వేగంగా మోగింది. ఇరవై అడుగులదాకా బాగానే వచ్చాడు. నేను నా భుజం ఆయన వీపుకు ఆనించి నెట్టుతూ వచ్చాను. సగం దారిలో మోకాలు పూర్తిగా పక్కకు పోయింది. ఆయన వంగడం చూశాను. ఆలోచించలేదు. గట్టిగా అరిచి నేనే పడ్డాను, ఆయన మీద పడి ఆయన్ను కూడా పడేశాను. నా వెదురు అడ్డం తిరిగి పక్క బారు కాళ్లలో పడింది. వాళ్లు తొమ్మిదో బారు మీద పడ్డారు. టోపీలు దొర్లుకుంటూ కిందికి పోయి ఎర్రగుడ్డల దగ్గర ఆగాయి.

అందరూ చూసింది నేను పడటమే.

జంగయ్య అన్న లేచి కూర్చున్నాడు. దుమ్ము దులుపుకున్నాడు. అందరూ చుట్టూ చేరాక నా వైపు వేలు చూపించాడు.

"ఆడోళ్లను ఫౌజుల పెడితే గిట్లనే అయితది. పది దినాల కష్టం మట్టిల కలిపింది."

దేవమ్మ నా ముఖంలోకి వంగి అంది, "నీ కాళ్లల్ల బలం లేకపోతే ముందుగాల్నే చెప్పొద్దానే? మా నోట్లె మన్ను కొట్టినవ్ గదనే!"

నేను టోపీ కొసకు ఉన్న తోలు పట్టీ విప్పుకుంటూ కూర్చున్నాను. అది ముడిపడి చాలాసేపు రాలేదు.

యుద్ధం కంప్యూటర్‌కు పోయింది. శ్రీకాంత్ మొదటి బారులోని పదహారు మందిని చెక్‌పోస్టు దగ్గరి ఆఫీసుకు తీసుకెళ్లి, ఒంటికి తెల్ల బంతులు అంటించి, రెండు రోజులు నడిపించాడు. మిగిలినవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. మా వీధిలో ఆ నెలలో రెండు ఇళ్లు ఖాళీ అయ్యాయి. దేవమ్మ మజ్జిగ తేవడం మానేసింది.

పడినందుకు నాకు విచారం లేదు. ఆయన ఎలాగూ పడేవాడు. దానికి ముందు అయిదు రోజులు నోరు మూసుకున్నాను చూడండి, అదే నన్ను తిన్నది. ఒక మనిషిని కాపాడాలని అందరినీ పణంగా పెట్టాను, అదీ వాళ్లను అడగకుండా.

రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం, జంగయ్య అన్న మా ఇంటికి వచ్చాడు. గడప మీద కూర్చోవడానికి గోడ పట్టుకున్నాడు. నేను నీళ్లిచ్చాను.

"గా రోజు నువ్వు చెప్తవేమో అని భయపడ్డ చెల్లె. అందుకే ముందుగాల్నే నేను ఒర్రిన."

"తెలుసు అన్నా."

"చెప్పకపోతివి."

"చెప్పాల్సింది. పడ్డాక కాదు, ఆరోరోజే."

తల ఊపాడు. "అవును. చెప్పాల్సింది" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినగానే నాకు కోపం రాలేదు, నిద్ర వచ్చినట్టయింది.

అప్పుడు వచ్చిన పని చెప్పాడు. డైరెక్టరు గారికి మా నెమ్మది నడక మనసులో ఉండిపోయిందట. అలెగ్జాండర్ సైన్యం బియాస్ నది దగ్గర ఇంక ముందుకు రామని కూర్చుండిపోయిన కథ ఉంది కదా. ఎనిమిదేళ్లు నడిచి, డెబ్బై రోజులు వానలో తడిసి, బట్టలు చివికి, గుర్రాల గిట్టలు అరిగి, రాజు ఎంత చెప్పినా కదల్లేదట. ఆ తర్వాత వెనక్కి మళ్లే దారి తీస్తారట. కంప్యూటర్ మనుషులు అలసిపోయినట్టు నడవడం లేదట. నాలుగు రోజుల పని, అందరికీ.

"నువ్వు రావాలె. అదే చోట్ల."

"అంటే నీ వెనకే కదా?"

"ఆఁ."

"వస్తాను. కానీ ఈసారి నీ కాలు తప్పితే చెయ్యి ఎత్తుతాను అన్నా. మొదటి అడుగులోనే ఎత్తుతాను."

ఆయన నన్ను చూశాడు. తన మోకాలు చూసుకున్నాడు. నీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

మొదటిరోజు వరుసలు కట్టినప్పుడు నా ముందు పదిహేనో చోట్లో నర్సింహ ఉన్నాడు. కాలు మానింది. జంగయ్య అన్న డప్పు పక్కన రాయి మీద కూర్చుని, ఎవరి ఈటె వంగిందో, ఎవరి డాలు జారిందో అరిచి చెబుతున్నాడు. టోపీ లేదు, అంగీ లేదు, ఇంటి లుంగీలోనే ఉన్నాడు. అందరికీ తానే చెప్పాడట, ఆ రోజు ముందుగా తప్పింది తన కాలే అని. దేవమ్మ నా దగ్గరకు వచ్చి, నా డాలు పట్టీ సరిచేసి, తన చోటుకు పోయింది.

నాలుగు రోజులు నడిచాం. అలసిపోయినట్టు చెయ్యండి అని మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నాలుగోరోజు సాయంత్రం టోపీ, డాలు, వెదురు తిరిగి ఇచ్చేశాను. మళ్లీ ఏ యుద్ధానికీ నేను పోలేదు.

అంతోనమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉండేది మోతీనగర్, హైదరాబాద్